నాలుగో అంతస్తులో సిగ్నల్

వైర్‌లెస్ మెకానిక్‌ని లిఫ్ట్‌లో చంపారు.

కింద ఎక్కినప్పుడు మనిషి నిక్షేపంలా ఉన్నాడు. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి గోడకి వీపు ఆనించి, కునుకు తీస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. మెడ మీద దోమ కుట్టినంత చుక్క. టూల్‌బ్యాగ్ ఒళ్ళోనే ఉంది. అందులో ఉండాల్సిన లాప్‌టాప్ మాత్రం లేదు.

"మనవాడే," అన్నారు మాస్టారు, ఫోటోని బల్ల మీదకి తోస్తూ.

మాస్టారు గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆయన ఎప్పుడైనా, ఎక్కడైనా పాఠం చెప్పారో లేదో ఎవరికీ తెలియదు. మాట్లాడటం మాత్రం ఎదుటివాళ్ళందరూ ఆఖరి బెంచీ పిల్లలైనట్టే మాట్లాడతారు. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, ఆవిరి వాసనలో, ఆయన ఎదురుగా నత్త కూర్చుని ఉంది.

నత్త అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఆమె ఏ పనీ గబగబా చేయదు. ఒక తలుపును పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడమంటే చూస్తూ కూర్చుంటుంది. తోటి ఏజెంట్లు వెక్కిరింపుగా పెట్టిన ఆ పేరే ఇప్పుడు ఆమె కోడ్‌నేమ్.

"అల్లుడు దిగాడు," అన్నారు మాస్టారు.

నత్త వెన్ను నిటారైంది. అల్లుడంటే పరాయి దేశపు ముఠాకి నాయకుడు. ఏ ఊళ్ళో దిగినా అక్కడివాళ్ళ కార్లలో తిరిగి, అక్కడివాళ్ళ చేత మర్యాదలు చేయించుకుని, చివరికి అక్కడివాళ్ళ కొంపే ముంచుతాడు. అందుకే ఆ పేరు.

"ఈసారి ఏం ముంచుతాడు?"

"వాటర్ ప్లాంట్. ఊరికి నీళ్ళు శుభ్రం చేసే చోట క్లోరిన్ సిలిండర్లుంటాయి. వాటి వాల్వులు, గేట్లు, తలుపులు అన్నీ కంప్యూటర్ చేతిలో. ఆ కంప్యూటర్ ఇప్పుడు అల్లుడి చేతిలో. పన్నెండింటికి షిఫ్ట్ మారుతుంది. రెండు షిఫ్టుల వాళ్ళూ లోపల ఉన్న సమయం చూసి తలుపులు లాక్ చేస్తాడు. గ్యాస్ వదుల్తాడు."

"ప్లాంట్ ఖాళీ చేయించండి."

"వాళ్ళ కెమెరాలు, ఫోన్లు కూడా వాడి గుప్పిట్లోనే ఉన్నాయి. ఒక్క మనిషి గేటు వైపు పరిగెత్తాడా, అల్లుడు పన్నెండు దాకా ఆగడు. మనం వెళ్ళి వాడి తలుపు పగలగొట్టినా అంతే. ముందు నొక్కేది ఆ బటనే."

మాస్టారు ఒక స్క్రూడ్రైవర్ తీసి పిడి తిప్పారు. లోపల పెన్‌డ్రైవ్.

"మనవాడు పోయిన ఆ నాలుగో అంతస్తులోనే వాడి ఆఫీసు. అక్కడ ఒక వైర్‌లెస్ నెట్‌వర్క్ ఉంది. ప్లాంట్‌కి ఆదేశాలు దాని మీదుగానే వెళ్తాయి. సిగ్నల్ ఆ ఫ్లోర్ దాటి బయటికి రాదు. అక్కడికి వెళ్ళు. లాప్‌టాప్ కనెక్ట్ చెయ్యి. ఇందులో ఉన్న ప్రోగ్రాం వదులు. అది ప్లాంట్ కంప్యూటర్‌ని నిలువునా ఆపేస్తుంది. ఆగిపోయిన మిషన్ ఎవడి మాటా వినదు. తర్వాత తలుపులు పగలగొట్టే పని మాది."

"పాస్‌వర్డ్?"

"నెమలి సంపాదించింది."

నెమలి. ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషి. ఆమె నడిచి వస్తుంటే రిసెప్షన్‌లో ఫోన్లు మోగుతున్నా ఎవరూ ఎత్తరని ప్రతీతి.

"జాగ్రత్తగా విను," అన్నారు మాస్టారు. "ఒకే మిషన్ మీద మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే అలారం. ఫ్లోర్ మొత్తం లాక్." కాస్త ఆగి, "మధ్యాహ్నం షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఎవరో..."

"తెలుసు. మా అక్క."

"నిన్ను పంపకూడదు అసలు. కానీ ఎవర్ని పంపను? ఉన్న ఒక్కడూ లిఫ్ట్‌లో పోయాడు."

*

వ్యాన్‌లో యూనిఫాం మార్చుకుంటుండగా నత్త ఫోన్ మోగింది. ప్లాంట్ నంబర్.

"బతికే ఉన్నావా?" అంది అక్క. పలకరింపు ఎప్పుడూ అంతే.

"ఉన్నానక్కా."

"చిన్నదాని పుట్టినరోజుకి ఎందుకు రాలేదు? పిన్ని వస్తుంది, పిన్ని వస్తుంది అని గుమ్మంలోనే కూర్చుంది పిచ్చిమొహం."

"పని పడింది."

"ఏం పని? ప్రింటర్లు అమ్మడమేగా! ఇక్కడ నా కింద ఉద్యోగం ఇప్పిస్తానంటే ముఖం చిట్లించావు. నీ కంటికి మేం ఆనం."

నత్తకి నోటిదాకా వచ్చింది. అక్కా, ఇప్పుడే బయటికి వచ్చెయ్. ఈ నాలుగు మాటలూ అంటే చాలు, అక్క బతుకుతుంది. కానీ ఆ ఫోన్ లైన్ మీద ఇంకో చెవి ఉంది. అంటే చాలు, అక్కడున్న వాళ్ళందరూ పోతారు.

"ఏమే, ఉన్నావా?"

"సిగ్నల్ సరిగా లేదు. మళ్ళీ చేస్తా."

"చెయ్యవు," అని అక్క ఫోన్ పెట్టేసింది.

వ్యాన్ ముందు సీట్లో ఒక నవ్వు వినిపించింది. నెమలి అద్దంలో లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. ముదురు నీలం సూటు, ముత్యాల చెవిపోగులు, భుజానికి లాప్‌టాప్ పట్టేంత తోలు బ్యాగు.

"మీ అక్కకి నువ్వంటే ఎంత ప్రేమో!"

"పాస్‌వర్డ్ చెప్పు," అంది నత్త.

నెమలి ఒక్కో అక్షరం చెప్పింది. నత్త మనసులో పెట్టుకుంది. "నువ్వే స్వయంగా కనెక్ట్ చేసి చూశావా?"

"ఆ బిల్డింగ్‌లో అడుగు పెడితే కదా చూడటానికి! ఒక్కసారి కూడా వెళ్ళలేదు. హోటల్లో అల్లుడి చేత తాగించి కక్కించాను. నా పద్ధతి నాది, నీ పాకుడు నీది." లిప్‌స్టిక్ మూత పెట్టి బ్యాగులో వేసుకుంది. "నేను అద్దెకి గది చూడటానికి వచ్చిన మేడమ్‌ని. నువ్వు ప్రింటర్ బాగుచేసేదానివి. పైన కలుద్దాం."

*

కింద గార్డ్ నత్త బ్యాగుని బల్ల మీద బోర్లించాడు. స్క్రూడ్రైవర్లు, బ్రష్, పాత గుడ్డ, రెండు టోనర్ కార్ట్రిడ్జ్‌లు, లాప్‌టాప్.

"ప్రింటర్‌కి లాప్‌టాప్ ఎందుకు?"

"ప్రింట్ వస్తుందో లేదో ఎట్లా చూడను? నోటితో చదివి వినిపిస్తే వేస్తుందా?"

"నోరు లేస్తోంది."

"పొద్దున్నుంచి ఇది మూడో బిల్డింగ్. మీరు రానివ్వకపోతే వెళ్ళిపోతా. పైన వాళ్ళకి మీరే చెప్పుకోండి."

గార్డ్ ఒక టోనర్‌ని చేతిలోకి తీసుకుని ఊపాడు. దానికి పక్కనున్న చిన్న క్లిప్ లాగితే లోపలి నల్లపొడి మొత్తం ఒక్కసారిగా గదంతా చిమ్ముతుంది. డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్ వాళ్ళు ఎంతో మురిసిపోతూ చేసిన ఐటమ్. గార్డ్ దాన్ని విసుగ్గా కింద పడేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఏరుకో."

నత్త మెట్ల మీదుగానే ఎక్కింది.

నాలుగో అంతస్తులో నాలుగు కంపెనీల బోర్డులున్నాయి. చివరిది ట్రావెల్ ఏజెన్సీ. దాని తలుపు మీద విమానం బొమ్మ, తలుపు పక్కన కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న ఇద్దరు మనుషులు. ప్రయాణాలు అమ్మేవాళ్ళలా లేరు. అల్లుడి ఆఫీసు అదే. దాన్ని ఆనుకుని అందరికీ కలిపి ఉన్న జిరాక్స్ గది. రిసెప్షనిస్ట్ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి నత్తని పైనుంచి కిందిదాకా చూసింది.

"నిన్న రమ్మంటే ఇవాళా రావడం? నా కాగితాలు ముట్టుకోకు. నేల మీద పొడి రాలిస్తే నువ్వే తుడవాలి."

జిరాక్స్ గదిలో వేడెక్కిన కాగితం వాసన. గోడ వారగా కాగితం బండిళ్ళు. కిటికీ లేదు. కాసేపటికి నెమలి వచ్చి తలుపు చేరవేసింది. నియమం నియమమే కాబట్టి నత్త అడిగింది.

"లిఫ్ట్ బాగా పనిచేస్తోందా?"

"ఎక్కేవాళ్ళని బట్టి," అంది నెమలి, రాసి ఇచ్చిన కోడ్‌కి కాస్త వగలు చేర్చి.

ఆ కోడ్ మాటలు రాసినవాడు ఇప్పుడు మార్చురీలో ఉన్నాడు. నత్త లాప్‌టాప్ తెరిచింది.

తెర కింది మూల నొక్కితే నెట్‌వర్క్‌ల పేర్లు వరసగా దిగాయి. గెస్ట్. స్టాఫ్. కాన్ఫరెన్స్. అన్నిటికన్నా అడుగున, ఎవరూ పట్టించుకోని పేరు: లిఫ్ట్ మెయింటెనెన్స్. అల్లుడిది అదే. నత్త దాన్ని నొక్కి, పాస్‌వర్డ్ కొట్టింది. చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

పాస్‌వర్డ్ సరికాదు.

"పెద్దక్షరం, చిన్నక్షరం చూసుకున్నావా?" అంది నెమలి.

నత్త మళ్ళీ కొట్టింది, ఒక్కో మీటా చూస్తూ. చక్రం తిరిగింది.

పాస్‌వర్డ్ సరికాదు.

గోడ మీద గడియారం పన్నెండుకి దగ్గరపడింది. ఈపాటికి అక్క చేతిసంచి బల్ల సొరుగులో పెట్టి, పాత షిఫ్ట్ వాళ్ళ మీద కేకలేయడం మొదలుపెట్టి ఉంటుంది.

"ఇంకొక్కసారి కొట్టు," అంది నెమలి. "చేతులు వణుకుతున్నాయి నీకు. నెమ్మదిగా."

నత్త తన చేతుల వైపు చూసుకుంది. వణకడం లేదు.

"దీనిలో కొట్టను. మూడోది తప్పితే అలారం. నీ లాప్‌టాప్ ఇవ్వు. దానికి మళ్ళీ మూడు ఛాన్సులుంటాయి."

నెమలి ఒక్క క్షణం ఆలోచించి, భుజాలెగరేసింది. "ఏ మిషనైతే ఏముంది, తీసుకో." బ్యాగులోంచి తీసి, తనే వేలు పెట్టి తాళం విప్పి ఇచ్చింది. సన్నగా, వెండిరంగులో, యజమానిలాగే మెరుస్తోంది.

నత్త నెట్‌వర్క్‌ల గుర్తు మీద నొక్కబోయి ఆగింది.

గుర్తు అప్పటికే నిండుగా ఉంది. మూడు వంపు గీతలూ తెల్లగా వెలుగుతున్నాయి. పేర్ల జాబితాలో అన్నిటికన్నా పైన లిఫ్ట్ మెయింటెనెన్స్. దాని కింద చిన్న అక్షరాల్లో: కనెక్ట్ అయింది.

పాస్‌వర్డ్ అడగలేదు. ఎవరూ కొట్టలేదు. మూత తెరవగానే, తెలిసిన ఇంట్లోకి పిల్లి వెళ్ళినట్టు దానంతటదే వెళ్ళి కూర్చుంది.

ఒకసారి కలిపిన నెట్‌వర్క్‌ని లాప్‌టాప్ మరిచిపోదు. ఇది కొత్తగా వచ్చిన మిషన్ కాదు. ఇక్కడికి వచ్చింది, కూర్చుంది, వెళ్ళింది. దీన్ని మోసుకొచ్చిన మనిషీ వచ్చి వెళ్ళింది. ఆ బిల్డింగ్‌లో అడుగే పెట్టలేదన్న మనిషి.

పాస్‌వర్డ్ తప్పు కావడం పొరపాటు కాదు. మూడోసారి తప్పు కొట్టించడమే ఈ అమ్మాయి పని. తలుపులు పడతాయి, ఏజెంటు దొరుకుతుంది, డిపార్ట్‌మెంట్ రహస్యాలున్న లాప్‌టాప్ దొరుకుతుంది. వైర్‌లెస్ మెకానిక్ ఏ లిఫ్ట్ ఎక్కుతాడో ఎవరు చెప్పారో కూడా ఇక అడగక్కర్లేదు.

ఇంకొకరైతే తల తిప్పి చూసేవారు. నత్త తిప్పలేదు.

"ఛ," అంది, తెరని కాస్త తన వైపుకి వంచుకుంటూ. "ఇందులో సిగ్నల్ కూడా సరిగా రావట్లేదు."

"చూడనీ."

"ఉండు, వెతుకుతోంది. నువ్వు తలుపు దగ్గర చూడు. ఆ కళ్ళజోడావిడ వస్తే నా ప్రాణం తీస్తుంది."

నెమలి తలుపు వైపు తిరిగింది. స్క్రూడ్రైవర్ పిడి విడింది, పెన్‌డ్రైవ్ లాప్‌టాప్ పక్కన దూరింది. తెర మీద సన్నటి గీత ఒకటి పుట్టి కుడివైపుకి పాకడం మొదలెట్టింది. ఉత్తుత్తినే మీటల మీద వేళ్ళు టకటకలాడిస్తూ, "ఎమ్ పెద్దదా చిన్నదా?" అని అడిగింది నత్త.

"పెద్దది. ఎన్నిసార్లు చెప్పాలి? నిన్నెవరు తీసుకున్నారు ఉద్యోగంలోకి?"

"తర్వాత?"

"తొమ్మిది."

గీత సగం దాటింది. నత్త జీవితంలో ఇంత నెమ్మదైన వస్తువుని చూడలేదు. తన పేరు దానికి పెట్టాల్సింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

తెల్ల చొక్కా, చేతిలో ఫోన్, పెళ్ళివారింట్లో తిరుగుతున్నట్టు ముఖం నిండా దర్జా. అల్లుడు.

"బంగారం! నీ లాప్‌టాప్ మన లైన్లోకి వచ్చిందని మావాళ్ళు చెప్పారు. అలారం మోగలేదే అనుకుంటున్నా. పిట్ట పడిందా?"

అని, పిట్టని చూశాడు.

నెమలి ముఖంలో రంగు దిగింది. "నా లాప్‌టాప్ లైన్లోకి ఎందుకొస్తుంది? ఈ నత్త ఇంకా పాస్‌వర్డ్ కొడుతూనే ఉంది!"

"కొట్టక్కర్లేదు మేడమ్," అంది నత్త, వేళ్ళు ఆపకుండా. "ముందే వచ్చిన చోటు దానికి గుర్తుంది. మీకే లేదు."

నెమలి అల్లుడి మీద విరుచుకుపడింది. "ఎవడు కలపమన్నాడు నా దాంట్లో?"

"నువ్వే కదా! వైఫై రావట్లేదు, సినిమా ఆగిపోతోందని నా బుర్ర తిన్నావు! నేనే దగ్గర కూర్చుని కలిపిచ్చా!"

"కలిపితే తీసెయ్యాలని తెలీదా?"

"నీకు తెలీదా? గూఢచారివి నువ్వా నేనా?"

"నా జన్మలో ఎప్పుడైనా వైఫై కలుపుకున్నానా? అడక్కముందే కలిపిచ్చేవాళ్ళు పది మంది!"

"అదిగో, ఆ పొగరే!"

గీత ముప్పావు దాటింది. ఇంకో మాటామాటా అనుకుంటే బాగుండునని నత్త మనసారా కోరుకుంది. కానీ అల్లుడి చూపు లాప్‌టాప్ పక్కన పొడుచుకొచ్చిన పెన్‌డ్రైవ్ మీద పడింది.

"మూత వెయ్!" అని అరిచాడు. "మూత వేస్తే తెగిపోతుంది!"

నెమలి దూకింది. నత్త ఎడమచేతిని తెరకీ మీటలకీ మధ్య దూర్చింది. మూత వేళ్ళ మీద పడింది. ఎముకలు కరకరమన్నాయి. నెమలి రెండు చేతులతో నొక్కింది. నత్త చెయ్యి తీయలేదు.

"తియ్యి, దరిద్రపుదానా!"

"నువ్వు తీసుకో."

నెమలి ఒక చెయ్యి వదిలి బ్యాగులోంచి లిప్‌స్టిక్ లాగింది. చిన్న చప్పుడు. నత్త తల వంచింది. వెనక కాగితం బండిల్ ధడ్‌మని చీలింది. లిప్‌స్టిక్‌లో గుండు ఒక్కటే పడుతుంది. ఖాళీ అయిందాన్ని నెమలి నత్త ముఖాన విసిరికొట్టింది.

అల్లుడు వాళ్ళ దగ్గరికి రాలేదు. ఫోన్ ఎత్తాడు.

"పన్నెండు దాకా ఎందుకిక? ఇప్పుడే పోతారు అందరూ."

తెర మీద ఎర్రటి బటన్ వెలిగింది. బొటనవేలు దాని మీదకి వెళ్ళింది.

నత్త కుడిచేత్తో టోనర్ అందుకుని, క్లిప్‌ని పళ్ళతో లాగింది.

గది నల్లబడింది. గోడలు, కాగితాలు, తెల్ల చొక్కా, ముత్యాలు, అన్నీ ఒక్క దెబ్బకి మాయమయ్యాయి. దగ్గు. తిట్లు. ఎవరో ఎవరినో తొక్కారు. అల్లుడు గుడ్డిగా ఫోన్ రుద్దుతున్నాడు, పొడి పోయి వెలుగు కనబడింది, వేలు బటన్ మీద దిగింది.

ఆదేశం పంపబడుతోంది.

చక్రం తిరిగింది. అదే నెట్‌వర్క్. అదే సన్నటి దారి. ముందు వెళ్తున్న నత్త ప్రోగ్రాం తప్పుకుంటే గానీ దానికి సందు లేదు. మూత సందులోంచి నత్తకి గీత కనబడుతోంది. చివరి అంచున, గోరంత ఖాళీ. ఆ ఖాళీ అవతల అక్క ఉంది, అక్క తిట్లున్నాయి, గుమ్మంలో కూర్చునే చిన్నది ఉంది. పో. పో. పోవే తల్లీ.

గీత నిండింది.

అల్లుడి ఫోన్ చిన్నగా వణికింది. నల్లటి మసిలోంచి వాడు ఆ మాటల్ని రెండుసార్లు చదువుకున్నాడు.

ప్లాంట్ అందుబాటులో లేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. వాడి పిడికిలి నత్త చెంప మీద పడేలోపే కారిడార్‌లో బూట్ల చప్పుడు, గోళ్ళు గిల్లుకునే ఇద్దరి కేకలు, విమానం బొమ్మ ఉన్న తలుపు విరిగిన శబ్దం. ప్లాంట్ ఆగే క్షణం కోసం కింద కాచుకున్న మాస్టారు మనుషులు మెట్ల మీద వచ్చారు. ఆ లిఫ్ట్‌ని డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడెవరూ నమ్మడం లేదు.

బేడీలు పడ్డాక నెమలి తుమ్ముతూ, నల్లటి ముఖంతో, నత్త వైపు చూసి ఉమ్మింది. అల్లుడు ఆమె వైపు చూసి ఉమ్మాడు. ఇద్దర్నీ ఒకే వ్యాన్‌లో ఎక్కించారు. దారంతా సినిమా ఎవరు చూశారన్న దాని మీద కొట్టుకుంటూనే ఉన్నారని తర్వాత గార్డులు చెప్పుకున్నారు.

రిసెప్షనిస్ట్ జిరాక్స్ గది గుమ్మంలో నిలబడి నేలని చూసింది. తర్వాత నత్తని చూసింది.

"తుడువు," అంది.

మాస్టారు నత్త చేతికి కట్టు కట్టిస్తూ, "బాగా చేశావు" అనలేదు. ఆయన ఎవరితోనూ అనరు. "ప్రోగ్రాం కొంచెం ముందే వదలాల్సింది," అన్నారు.

ఫోన్ మోగింది. ప్లాంట్ నంబర్. నత్త వాచిన వేళ్ళతో తడబడుతూ ఎత్తింది. అవతలి నుంచి ఊపిరి వినపడగానే ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది.

"వింటున్నావా? మళ్ళీ చేస్తానని చెయ్యలేదు, నాకు తెలుసు," అంది అక్క. "ఊరికే చెప్దామని చేశా. మా సిస్టం మొత్తం ఆగిపోయింది. ఎవడో తలమాసినవాడు ఎక్కడో కూర్చుని ఏదో చేశాడట. రేపటిదాకా ఊళ్ళో చుక్క నీళ్ళు రావు. వాడు గానీ నా చేతికి దొరికితే చెప్పు తెగేదాకా కొడతా."

"కొట్టక్కా," అంది నత్త. "తప్పకుండా కొడుదువు గాని."

"ఏంటా గొంతు? ఏడుస్తున్నావా?"

"లేదు. టోనర్ పొడి."

"సరేలే. వెళ్ళి స్నానం చెయ్," అని, ఊళ్ళో నీళ్ళు లేవన్న సంగతి తనే చెప్పానని మరిచిపోయి, అక్క ఫోన్ పెట్టేసింది.

తల నుంచి కాళ్ళ దాకా బొగ్గులా ఉన్న దేశరక్షకురాలు, మంచినీళ్ళ సీసా ఏ షాపులో దొరుకుతుందోనని వీధి రెండు వైపులా చూసింది.